నా పేపరు కోసం నేనే రాసిన కార్డు

చేతిదాకా వచ్చిన ప్రమోషన్‌ని స్వహస్తాలతో పాడెక్కించబోయిన మహానుభావుణ్ణి నేను. ఎలాగంటారా? ఒక బోర్డు పెట్టించి. ఎర్ర సిరాతో.

తొంభైలలో యూనివర్సిటీ క్యాంపస్‌లో బోటనీ లెక్చరర్‌ని. తార్నాకలో కాపురం. వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద నేను రాసిన పేపరు ఒక విదేశీ జర్నల్‌లో అచ్చయింది. అంతే, ఇరవై దేశాల శాస్త్రజ్ఞులు ప్రతి పంపమంటూ కార్డుల మీద కార్డులు రాశారు. సరే, ఈ వయసులో అబద్ధం ఎందుకు, మూడు కార్డులొచ్చాయి. అందులో రెండు ఒకే జర్మనీ ప్రొఫెసర్ రాసినవి. మొదటిది అందలేదేమోనని ఆయన అనుమానం. నేను రెండింటికీ చెరో ప్రతి పంపాను, గౌరవం కొద్దీ.

అప్పట్లో పద్ధతి అది. జర్నల్ దొరకనివాడు రచయితకి కార్డు రాస్తాడు, రచయిత ఒక ప్రతి పంపుతాడు. దానికోసమే జర్నల్‌వాడు రీప్రింట్లంటూ ఆ పేపరు విడి ప్రతులు ఒక పాతిక మన మొహాన కొడతాడు. కొట్టేముందు హక్కులన్నీ తనవేనని సంతకం పెట్టించుకుంటాడు. నేను చదవకుండా పెట్టాను. పెళ్ళినాడు కూడా అంత పొంగిపోలేదు. రాసిన నేను ఊరికే రాశాను, పరిశీలించిన ప్రొఫెసర్లు ఊరికే పరిశీలించారు, అచ్చేసినవాడు మాత్రం మా లైబ్రరీ కొనలేని ధర పెట్టాడు. లైబ్రరీ దణ్ణం పెట్టి మానేసింది. మా ఊళ్ళో ఎవరికీ దొరకని దాన్ని మేము అంతర్జాతీయ గుర్తింపు అనేవాళ్ళం!

ఒకరోజు మా డిపార్టుమెంటు రీసెర్చ్ స్కాలర్ మల్లేశం వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో చేలకి పట్టిన తెగులు అదే, అతని థీసిస్ కూడా దాని మీదే.

"సార్, మీ పేపర్ ఒక్కటి ఇస్తరా? చదివి రేపే తెచ్చిస్త."

"అవి విదేశాలకయ్యా మల్లేశం. నీకిస్తే పల్లీలు పొట్లం కడతావు."

"పల్లీల మీద పేపరే గద సార్, కడితే తప్పేంది?"

బయటికి పొమ్మన్నాను. విదేశాలకన్నానా? మిగిలిన రీప్రింట్లు ఎక్కడికి వెళ్ళాయో చెప్పనా? మా మామగారి షష్టిపూర్తిలో తాంబూలంతోపాటు పంచాను. ఆకుకీ మచ్చకీ తేడా తెలియని బంధువులంతా కళ్ళకద్దుకుని తీసుకున్నారు. ఒకటి ఫ్రేమ్ కట్టించి హాల్లో వేలాడదీశాను.

రెండు నెలల తర్వాత తార్నాక చౌరస్తాలో ప్రకాశం జిరాక్స్ షాపుకి వెళ్తే, కౌంటర్ మీద ఇంకా వేడి చల్లారని కాగితాల కట్ట. పైన నా పేరు! పక్కనే మల్లేశం.

"ఇదెక్కడిదయ్యా?"

"మీరు అందరికి చెప్పుకునే జర్మనీ సార్‌కు కార్డు రాసిన సార్. ఆయన దగ్గర రెండున్నయంట, ఒకటి పంపిండు. అడిక్‌మెట్ రూములల్ల మా దోస్తులు గూడ అడుగుతున్నరు."

"ఇది దొంగతనం! కాపీరైట్ ఉంది!"

"కాపీరైట్ మీదా సార్?"

"నాది కాదు, జర్నల్‌వాడిది!"

"మరి ఆయన ఊకున్నడు, మీకేంది సార్ గింత బాధ?"

నేను గొంతు పెంచాను. 'ఈ సారు పేపరు ఇక్కడ జిరాక్స్ తీయబడదు' అని నా పేరుతో సహా ప్రకాశం చేత బోర్డు రాయించి, గోడకి అంటించేదాకా కాపలా కాశాను.

ఆ తర్వాత వచ్చింది లెక్చరర్‌కి పై మెట్టయిన రీడర్ పోస్టుకి ఇంటర్వ్యూ. అచ్చయిన ప్రతి పేపరుకీ పూర్తి కాపీ తేవాలి, లేకపోతే లెక్కలోకి రాదు. నాకున్న విదేశీ పేపరు అదొక్కటే. ఆ ఉదయం బీరువా తెరిస్తే నాఫ్తలీన్ ఉండలు తప్ప ఏమీ లేవు. ఫ్రేమ్ ఊడదీస్తే, జిగురు తాగిన పేజీలన్నీ అట్టకి అంటుకుని అప్పడాల్లా విరిగాయి. స్కూటరెక్కి చౌరస్తాకి పరిగెత్తాను.

"ప్రకాశం, నా పేపరు కాపీ ఒక్కటి! అర్జెంట్!"

అతను తాపీగా తలెత్తి బోర్డు చూశాడు. "తీయబడదు సార్."

"ఆ సారుని నేనేనయ్యా!"

"మీరే గద నిలబడి పెట్టిపిచ్చిండ్రు."

పక్కన చాయ్ తాగుతున్న మల్లేశం బ్యాగులోంచి నా పేపరు తీసి, మళ్ళీ లోపల పెట్టాడు. "ఇస్త సార్. గని దానికో పద్ధతి ఉన్నది. కార్డు రాయాలె."

గడియారం చూసుకుని, కౌంటర్ మీదే రాశాను. 'గౌరవనీయులైన డాక్టర్ మల్లేశం గారికి...' అని అతను చెప్పినట్టే రాస్తూ, ఉండబట్టలేక అన్నాను, "నువ్వింకా డాక్టర్‌వి కాలేదు కదయ్యా."

"మీరింక రీడర్ కాలేదు గద సార్."

సంతకం చేశాను, ఈసారి ప్రతి అక్షరం చదివి. బోర్డు కూడా నా చేతే పీకించారు.

ఇంటర్వ్యూలో ఛైర్మన్ పేజీలు తిప్పి నవ్వాడు. "ఈ పేపరు చదివానండీ. మా లైబ్రరీలో లేదు, మా స్కాలర్ ఎవరో తార్నాకలో జిరాక్స్ తీసుకొచ్చాడు. మీరు చాలా ఉదారంగా పంచుతారట!"

నేను వినయంతో వంగిపోయాను. "జ్ఞానం దాచుకునేది కాదు కదండీ."

పోస్టు వచ్చింది. సిగ్గు మాత్రం ఆలస్యంగా, షాపు ముందు ఆగినప్పుడు వచ్చింది. బోర్డు ఉన్నచోట నా కార్డు లామినేషన్‌తో మెరుస్తోంది.

కాబట్టి తార్నాక చౌరస్తా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చదవని కాగితం మీద సంతకం పెట్టను, రాసింది బీరువాలో పెట్టను. దీన్ని కూడా ఎవరైనా జిరాక్స్ తీసుకోండి, పంచుకోండి, పల్లీలు పొట్లం కట్టుకోండి. నాకొక్క ప్రతి ఉంచండి చాలు. మళ్ళీ కార్డు రాసే ఓపిక లేదు.