చావింటికి వచ్చిన మైసూరుపాకు

అమెరికాలో మొదటిసారి ఒక నల్లాయన ప్రెసిడెంటుగా గెలిచిన పొద్దున మా పెద్దనాయన ఏడ్చాడు. కన్నతల్లి పోయినప్పుడు కూడా ఆ కళ్ళు అంతగా తడవలేదని మా అమ్మ అంటుంది. నేనప్పుడు వేలూరులో చదువుకుంటూ, గుడియాత్తం దగ్గరున్న మా ఊరికి సెలవుకు వచ్చి ఉన్నాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, టీవీలో వినేది అరవం. తెల్లోళ్ళు గొలుసులేసి అమ్ముకున్న జాతివాడు వాళ్ళ నెత్తినే కూర్చున్నాడని, పెద్దనాయన తుండుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు.

అదే సమయానికి పెరటి వాకిట్లో ఇద్దరు మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మా పొలంలో మీసాలు రానప్పటినుంచి పనిచేసిన మనిషి తెల్లవారుజామున చనిపోయాడు. ఆయన తమ్ముడూ, బావమరిదీ వచ్చింది దారి అడగడానికి. ఊరికి ఎడంగా ఉన్న దళితుల కాలనీకి శ్మశానం కౌండిన్య నదికి అవతల ఉంది. ఏడాదిలో ముప్పాతిక భాగం ఏట్లో ఇసకే గనక శవాన్ని దాని మీదుగానే దాటిస్తారు. ఆ వారమంతా ముసురు పట్టి ఏరు నిండుగా పారుతోంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. మా వరిమడి గట్టు మీదుగా నడిచి వంతెన ఎక్కాలి. ఆ గట్టు వేసిందీ, తెగినప్పుడల్లా మట్టి ఎత్తిపోసిందీ చనిపోయిన ఆ మనిషే.

టీవీలో గెలిచినాయన ఉపన్యాసం అయ్యేదాకా వాళ్ళు వానలో అట్లాగే నిలబడ్డారు. తర్వాత పెద్దనాయన తీరిగ్గా పెరట్లోకి వచ్చాడు.

"ఈ పొద్దు గట్టు మింద పీనుగు పోతే, రేపు అది మా బాటంటారు. యేట్లో నీళ్ళు తగ్గినాక ఎత్తుకోండి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతసేపూ ఎవరికోసం ఏడ్చావని అడిగాను. ఆయనకు కోపం కూడా రాలేదు. పసిపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు.

"అది అమెరికా గదమ్మా. వాళ్ళ గట్టు వాళ్ళిష్టం."

దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు పెద్దలు. సముద్రం అవతలి నల్లాయన ఈయనకు అన్నదమ్ముడు. పెరట్లో తడుస్తున్న నల్లవాళ్ళు మాత్రం గట్టుకు చెదపురుగులు!

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పనివాళ్ళలో ఎవరైనా పోతే శవం మీద కప్పే కొత్తగుడ్డ మా ఇంటినుంచే వెళ్ళాలి. దానికి పెద్దనాయన ఏ లోటూ రానివ్వడు, మంచి రకమే తెప్పిస్తాడు. ఆ రోజు బజారునుంచి గుడ్డతోబాటు ఊరందరికీ పంచడానికి మైసూరుపాకు కూడా వచ్చింది. కాలనీని వదిలేస్తే ఆ నల్లాయన గెలుపుకు అర్థమేముందని పెద్దనాయనే అన్నాడు. ఆ మనసును ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. కొత్తగుడ్డా, మిఠాయి పొట్లాలూ ఒకే తట్టలో పెట్టారు. చావింటికి తీపి పంపుతారా అని మా అమ్మ గొణిగింది గాని, ఆమె మాట ఎవరు విన్నారు గనక. తట్ట వెళ్ళిపోయింది.

ఏరు తగ్గలేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఇక ఆగలేక, పాడెను తలల మీదికి ఎత్తుకుని రొమ్ములోతు నీళ్ళలో దిగారు. పెద్దనాయన గొడుగు పట్టుకుని గట్టు మీద కాపలా నిలబడ్డాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. నడి ఏట్లో ఒకడి కాలు జారింది, పాడె ఒక పక్కకు ఒరిగింది, మా ఇంటి కొత్తగుడ్డ సగం ఊడి నీళ్ళలో ఈడ్చుకుపోయింది. ఒడ్డునున్న ఆడవాళ్ళు కేకపెట్టారు. పెద్దనాయన మాత్రం గుడ్డ మంచిదే, సరిగా చుట్టలేదన్నాడు.

కర్మాంతరాలు అయ్యాక చనిపోయినతని భార్య మళ్ళీ మా కొట్టంలో పేడ తీయడానికి వచ్చింది. అరుగు మీద కాఫీ తాగుతున్న పెద్దనాయన ఆమెను పిలిచి మైసూరుపాకు అందిందా అని అడిగాడు. ఆమె తట్ట కింద పెట్టింది.

"అందింది సామీ. పీనుగు లేసేదాకా పొయ్యి ముట్టీకూడదు గదా. కాలనీలో అన్నీ దాయాదుల ఇండ్లే, ఎవురూ ముట్టీలేదు. నీళ్ళు తగ్గేదానికి కాసుకోనుంటిమి. ఆ రెండు దినాలూ బిడ్డలకు అదే కూడు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. చెప్పి, తట్ట ఎత్తుకుని దిబ్బ వైపు వెళ్ళిపోయింది. నేను పెద్దనాయన మొహం చూశాను. ఇప్పుడైనా సిగ్గుతో తల దించుకుంటాడనుకున్నాను. ఆ మొహం వెలిగిపోయింది.

ఇప్పటికీ అమెరికాలో ఎన్నికలొస్తే చాలు, తిరుపత్తూరు చుట్టాలకు గాని, పళ్ళికొండ హోటల్లో పక్కన కూర్చున్నవాడికి గాని ఆయన ఆ కథే చెబుతాడు.

"ఆయన గెలిచిన దినం మా కాలనీ బిడ్డలు గూడా కడుపునిండా తీపి తిన్న్యారప్పా."

అది చెప్పేటప్పుడు ఆయన కళ్ళు నిజంగానే తడుస్తాయి.