ఫోకస్ తప్పించిన ముఖం

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఒక ముఖం కూర్చుని ఉంది. నేను ఒక్కసారే చూసిన ముఖం. మీరు నాకు ఏమీ కారు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆపకండి. ఆపితే మళ్ళీ నోరు పెగలదు.

నేను ఆయనకు రెండో భార్యని. మొదటావిడ పోయేనాటికి కూతురు ఇంకా పాకుతోందట. నేను శ్రీకాకుళం వైపు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి, సైనిక్‌పురిలో ఆయనింట అడుగుపెట్టాను. ఆయనకు ఒకప్పుడు ఫోటోల పిచ్చి. తీసినవన్నీ స్లైడ్లే. అట్ట చట్రాల్లో బిగించిన ఫిల్ము ముక్కలు, ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసుకుని చూసేవి. ఆ ప్రొజెక్టర్ ఎప్పుడో పాడైంది. పెళ్ళి ఆల్బంలో ఆవిడ అంతటా తల వంచుకునే ఉంది. నవ్వే ఆవిడ ఆ స్లైడ్లలోనే ఉంది. పాపకు వాళ్ళమ్మను చూపించాలని ఆయన కోరిక. కంప్యూటర్ మనిషివి నువ్వే కదా అని, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకు అప్పగించారు.

స్కానర్ నేనే ఎంచాను. సికింద్రాబాద్‌లో షాపువాడు కాగితాలకూ ఫిల్ముకూ రెంటికీ పనికొచ్చేది చూపించాడు. వద్దన్నాను. ఫిల్ము కోసమే చేసినది, ఫోకస్ మన చేతిలో ఉండేది కావాలని పట్టుబట్టి తెప్పించాను. అప్పటికి నా మనసులో పాపం లేదు. లేదనే అనుకుంటున్నాను.

మొదటి స్లైడు పెట్టాను. తెర నిండా ఆవిడ. పై వరసలో ఎడమవైపు పన్ను మీద పన్ను. దాన్ని దాచుకోకుండా నవ్వుతోంది. ఎవరిని చూసి? కెమెరా పట్టుకున్న ఆయనను చూసి. నన్ను తీయడానికి ఆయన ఏనాడూ కెమెరా ఎత్తలేదు. ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయిన మనిషి మీద ఏడుపేమిటే అని నన్ను నేను అడిగానా? అడిగాను. అడుగుతూనే ఆటోఫోకస్ ఆపేశాను. ఆ బొమ్మ చెరిపేసి, ఫోకస్ కావాలనే పక్కకు జరిపి, స్లైడ్ల పెట్టెలన్నీ అలాగే స్కాన్ చేశాను. చాలా శ్రద్ధగా చేశాను.

ముందు ఆయనకు బొమ్మలు చిన్నచిన్నగా, వరసగా చూపించాను. అంత చిన్నగా ఉంటే ఏ మసకా తెలియదు. ఆయన మురిసిపోయారు. సీడీల్లోకి ఎక్కాక ఈ పెట్టెలు ఇంకెందుకండీ అన్నాను. సీడీలో ఉంటే ఇక చెక్కుచెదరదని అప్పట్లో అందరం నమ్మేవాళ్ళం. ఆయనే స్వయంగా పాత సామాను వాడికి ఇచ్చేశారు.

ఆ తర్వాతే పాపను కూర్చోబెట్టి బొమ్మలు పెద్దవి చేయించారు.

“ఏందిది, గిట్ల మసకగున్నయేంది?” అన్నారు.

“ఫిల్ముకే బూజు పట్టీసిందండీ. నేనేం చేస్తాను?”

పాప తెరకు ముక్కు ఆనించింది. “చిన్నమ్మా, జెర ఇంకా పెద్దగ చెయ్యవా? మా అమ్మ కండ్లు కనిపిస్తలేవు.”

చేశాను. పెద్దది చేసేకొద్దీ ముఖం ఇంకా చెదిరిపోతుందని తెలిసే చేశాను. నాకు తృప్తిగా అనిపించింది. ఈ మాటే ఇన్నాళ్ళూ నోటికి రానిది.

పాప కాలేజీకి వచ్చాక, తనకున్న పన్ను మీద పన్ను సరిచేయించుకుంటానంది. “ఇది నాకెక్కడికెల్లి వచ్చింది చిన్నమ్మా? మా అమ్మకు సుత ఉండెనా? నాన్నకు యాదికొస్తలేదంట.”

నాకేం తెలుసమ్మా అన్నాను. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పక్కన కూర్చుని దగ్గరుండి క్లిప్పులు వేయించాను. పలువరస ఇప్పుడు ఎంత బాగుందో అని అందరూ అంటారు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది పాపను, అడగలేను. ఇక్కడ చెప్పాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

మీ అమ్మకూ ఉండేది తల్లీ. పై వరసలో, ఎడమవైపు. అచ్చం నీకున్న చోటే.