మామిడితోట సెంటు ఎంత?

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాటి మాటేమీ కాదు, జగ్గయ్యపేటలో పొద్దున్నే పేపరు దులిపితే వార్తలకంటే ముందు వెంచర్ల కరపత్రాలు రాలిపడే రోజుల్లో, నేను తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి, లోకానికి నా అవసరం చాలా ఉందన్న నమ్మకంతో ఇంట్లో కూర్చుని ఉండేదాన్ని. లోకం ఏమీ తొందరపడలేదు. తొందరపడింది మా నాన్న. బ్యాంకు పరీక్షల కోచింగుకని విజయవాడ వెళ్ళి హాస్టలు కూడా చూసి వచ్చాడు. "రాసుకుని బతుకుతా నాన్నా" అన్నాను ఒకరోజు భోజనాల దగ్గర. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, "నీ రాతలు చదివి ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, కూర్చున్న చోట నుంచి లేచాడని చూపించు. కోచింగు మాటెత్తితే ఒట్టు" అన్నాడు. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ జ్వరం (బ్యాంకువాళ్ళ క్షేమం కోరి కూడా నేను అటు వెళ్ళకూడదు). కాబట్టి ఎవరో తెలియని ఆ ఒక్క మనిషిని లేపడం మీద నా బతుకంతా ఆధారపడిపోయింది.

అప్పుడు ఆదుకున్నవాడు అత్తరు బాబాయ్. నాన్నకి బడి నాటి స్నేహితుడు. వాళ్ళ తాతగారి కాలం నుంచీ పేటలో అత్తరు కొట్టు వాళ్ళది. అప్పుడే నందిగామలో రెండో కొట్టు తెరుస్తున్నాడు. సరుకు మేలైనదే కానీ, దాన్ని వర్ణించడానికి బాబాయ్ దగ్గర రెండే వాక్యాలుండేవి. "ఇది బాగుంటదమ్మా" అనేది మొదటిది, "ఇది ఇంకా బాగుంటదమ్మా" అనేది రెండోది. కుర్రకారు ఫోన్లలో చూసి పరదేశం పేర్లు అడుగుతుంటే పాపం ఈ రెంటితో నెట్టుకు రాలేకపోయాడు. "ఎం.ఏ. చదివావు కదమ్మా, ఒక్కోదానికి నాలుగు మంచి మాటలు రాసిపెట్టు. కొత్త కొట్లో జనం ఆడితే నిన్ను పర్మనెంటు చేసేస్తా" అన్నాడు. "జాలిపడి ఇచ్చాడులే" అన్నాడు నాన్న, నాకు వినపడేలా.

నేను మాత్రం ఒళ్ళు మరిచి రాశాను. సువాసనని సువాసన అని చెప్పేవాడు వర్తకుడు, దాని వెనకున్న దృశ్యాన్ని చూపించేది నేను, అని నా లెక్క. వట్టివేరు సీసా ముందు పెట్టుకుని, తడిపిన తడికల వెనక వేసవి మధ్యాహ్నం కునుకుని చూశాను. ఊదు వాసన పీల్చి, "గౌరవనీయులు వచ్చి వెళ్ళిపోయాక గదిలో మిగిలిన నిశ్శబ్దం" అని రాస్తే, బాబాయ్ చదివి, "ఎవరైనా పోయారా అమ్మా?" అన్నాడు భయంగా. కుర్రాళ్ళ కోసం ఒకదానికి 'ఫుట్‌బోర్డు' అని పేరు పెట్టి, పేట నుంచి నందిగామ దాకా కాలేజీ బస్సు మెట్ల మీద వేలాడే ధైర్యం అని వర్ణించాను. "ఆ బస్సులో నేనూ వెళ్ళానమ్మా. దాంట్లో వచ్చేది ధైర్యం వాసన కాదు" అని బాబాయ్ ఆ పేరు కొట్టేయించాడు. మిగిలినవాటికి మాత్రం నా పేర్లే ఖాయమయ్యాయి.

ఇక కరపత్రం దగ్గర మా ఇద్దరికీ పెద్ద యుద్ధమే జరిగింది. 'అత్తరు' అనే మాట పాతబడిపోయిందని, 'సెంటు' అంటేనే నేటి తరానికి ఎక్కుతుందని నేను. పైన సీసా బొమ్మ వేయిద్దామని బాబాయ్. "సీసా బొమ్మ వేస్తే చదివేవాడి ఊహకి చోటెక్కడుంటుంది బాబాయ్?" అని నేను చాలా పై నుంచి మాట్లాడాను. ఎం.ఏ. కదా, ఆయన తలొంచాడు. సీసా బదులు పచ్చటి తోట బొమ్మ పడింది. దాని కింద నా రచన: "నందిగామలో మొదటిసారి! మీ మనసుకు నచ్చే సెంట్లు. తొలకరి: తలుపు తీయగానే తడిసిన మట్టి పలకరింపు. మామిడితోట: పూత మీద నుంచి వచ్చే గాలి, కింద చల్లటి నీడ. వెన్నెల వాకిలి: సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నంత నిమ్మళం. చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. సోమవారం ఉదయం స్వయంగా వచ్చి చూసుకోండి. పాత బస్టాండు సందు, నందిగామ." చదువుకుని నాకు నేనే మురిసిపోయాను. ఆదివారం పేట నుంచి చందర్లపాడు దాకా పేపర్లతో పాటు అది ఇంటింటికీ వెళ్ళింది.

సోమవారం పొద్దున బాబాయ్ షట్టరు పైకి లేపేసరికి సందు నిండా జనం. బైకులు, ఆటోలు, ఒక కారు కూడా. "అమ్మాయ్, నీ చేతిలో ఏదో ఉందే!" అని బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను వినయంగా తల దించుకున్నాను (లోపల మాత్రం హాస్టలు వార్డెనుకి వీడ్కోలు చెప్పేస్తున్నాను). అందరికంటే ముందు నిలబడింది చందర్లపాడు నుంచి భార్యతో వచ్చిన ఒక పెద్దాయన. తెల్ల పంచె, చంకలో సంచి, చేతిలో నా కరపత్రం.

"మామిడితోట మీదేనాండి?" అన్నాడు.

"మాదేనండి. మా తాతల నాటి నుంచీ మా చేతిలోనే ఉంది" అన్నాడు బాబాయ్ గర్వంగా.

"అయితే పిత్రార్జితం. అన్నదమ్ములెవరన్నా ఉన్నారా?"

"తమ్ముడున్నాడండి. పేటలో వాడూ ఇదే అమ్ముతాడు."

పెద్దాయన వెనక్కి తిరిగి జనం వంక అర్థవంతంగా చూశాడు. "ఇద్దరూ ఒకటే అమ్ముతున్నారా! సరే, నీళ్ళ సంగతేంటి?"

"నీళ్ళా?" బాబాయ్‌కి పౌరుషం వచ్చింది. "చుక్క కూడా ఉండదండి మా దాంట్లో. కావాలంటే మా పిల్లల మీద ఒట్టు."

"చుక్క నీళ్ళు లేకుండా ఎట్టా అమ్ముతున్నారయ్యా, పైగా ఒట్లు కూడానా! రోడ్డుకి ఎంత దూరం?"

"ఎంత దూరమేంటండీ, మీరు వీధి చివరికి వెళ్ళినా ఇక్కడిదాకా తెలుస్తది."

ఈ మాటకి పెద్దాయనకేమీ అర్థం కాలేదు. "ఇదంతా ఎందుగ్గానీ, ముందు చూపించండి" అన్నాడు. బాబాయ్ సంతోషంగా సీసా తీసి, ఆయన చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద ఒక చుక్క అద్ది, "ఇదిగోండి మామిడితోట" అన్నాడు. పెద్దాయన చేతిని చూసుకున్నాడు. బాబాయ్‌ని చూశాడు. మళ్ళీ చేతిని చూసుకున్నాడు. "స్థలం చూపించమంటే చెయ్యి పట్టుకుంటావేందయ్యా?" అని అరిచాడు.

అప్పటికి వెలిగింది నాకు. తోట బొమ్మ, చల్లటి నీడ, చిన్నవీ పెద్దవీ, పైగా 'సెంట్లు'. ఇళ్ళస్థలాల పిచ్చి నెత్తికెక్కిన ఊళ్ళో, స్థలాన్ని సెంట్లలోనే కొలిచే జనానికి, నేను పరిమళం మీద కవిత్వం రాశాననుకుని ప్లాట్లు బేరం పెట్టాను. సందులో ఉన్న ప్రతి ఒక్కరూ జాగా కొనడానికి వచ్చినవాళ్ళే. సంగతి తెలిసి గోల మొదలైంది. "పని మానుకుని వచ్చాం", "ఇదేం మోసం", "పోలీసుల్ని పిలవండి" అని తలోమాట. బాబాయ్ మొహంలో నెత్తురు లేదు. పేటలో ఇన్నాళ్ళుగా ఎవరి చేతా మాట పడని మనిషి, నా ఎం.ఏ. పుణ్యమా అని మొదటిరోజే మోసగాడయ్యాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రాతలూ వద్దు, ఏమీ వద్దు, ఇటునుంచి ఇటే విజయవాడ బస్సెక్కేద్దామనుకున్నాను.

అంతలో పెద్దాయన భార్య ఆయన చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకున్నది తియ్యలేదు. "ఏవయ్యా, ఇది మా రెడ్డిగూడెం తోటే" అంది. ఆయన విసుక్కుంటే ఊరుకోలేదు. "మా పుట్టింటి తోటయ్యా. పూత టైములో ఇట్టాగే ఉండేది. కొట్టేసి ప్లాట్లు వేశారు గదా, మళ్ళీ ఈ వాసన తగుల్తదనుకోలా." గొడవ చేస్తున్న జనం కాస్త తగ్గారు. ఆవిడ బాబాయ్ వైపు తిరిగి చెయ్యి చాపింది. "ఈ తోట నాకిచ్చెయ్యండి. రిజిస్ట్రేషను మాత్రం నా పేరు మీదే చెయ్యాలి. ఈయన పేరు మీద పెడితే అమ్మేస్తాడు."

ముందు నవ్వింది ఎవరో తెలియదు గానీ, తర్వాత సందంతా నవ్వింది. బాబాయ్ కూడా తక్కువవాడు కాదు, సీసా మీద చీటీ అంటించి ఆవిడ పేరు రాసి, కింద సంతకం చేసి ఇచ్చాడు. ఇక ప్రతివాళ్ళకీ రిజిస్ట్రేషను కావాల్సి వచ్చింది. చేతులు చాపి "నాకు తొలకరి వెయ్యండి", "తూర్పు ఫేసింగ్ ఉందా" అని ఆటపట్టిస్తూ కొన్నారు. కొనకుండా తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళూ లేకపోలేదు.

జనం పలచబడ్డాక చూస్తే, కొట్టు ఎదుట కరెంటు స్తంభం చాటున హెల్మెట్ తీయని మనిషి ఒకడు అప్పుడే వచ్చి నిలబడ్డాడు. ఆ హెల్మెట్ మీద గీతలన్నీ నాకు తెలిసినవే.

"నాన్నా! పనుంది, రానన్నావుగా?"

"దారిన పోతూ... మీ బాబాయ్ కొట్టు చూద్దామనీ..." అన్నాడు హెల్మెట్ లోపలి నుంచి. చేతిలో కరపత్రం, నాలుగు మడతలు పెట్టి.

"నువ్వూ సెంట్ల కోసమేనట్రా?" అని బాబాయ్ స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

నాన్న హెల్మెట్ తీశాడు. "ఎవడు రాశాడో గానీ, నిన్న చదివిన దగ్గర్నుంచీ ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదురా, అది నీ కొట్టు సందని కూడా తట్టలేదు. సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని, అని ఉంది. మేడ మీద అద్దె పోర్షన్లో మాకు వాకిలేదీ? ఇంట్లో చెప్పకుండా, సెంటు ఎంతో కనుక్కుని పోదామని వచ్చా."

"నేనే రాశా నాన్నా" అన్నాను.

నాన్న కరపత్రం మడతలు విప్పి మొదటి నుంచీ మళ్ళీ చదివాడు. చివరిదాకా చదివి, జాగ్రత్తగా అవే మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "హాస్టలువాడికి రావట్లేదని ఫోన్ చేస్తాలే" అన్నాడు, నా మొహం వంక చూడకుండా. నాకు ఆ క్షణాన కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు హైదరాబాదులో కూర్చుని ఇదే పని చేస్తున్నాను, సెంట్లకి దృశ్యాలు కట్టడం. బుద్ధి వచ్చి, ముందు సీసా బొమ్మ ఉందో లేదో చూసుకుంటాను. అయినా ఒక్కోసారి, ఊహకి చోటెక్కడ అని బాబాయ్‌తో పోట్లాడిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త బెంగ కూడా కలుగుతుంది. అంత ధీమా నాకిప్పుడు లేదు. నాన్న ఇంకా స్థలం కొనలేదు. సాయంత్రాలు ఫోన్ చేసి ఎక్కడున్నావు నాన్నా అంటే, మేడ మెట్ల పక్క ఇరుకులో కుర్చీ వేసుకుని, మణికట్టు మీద వెన్నెల వాకిలి ఒక చుక్క అద్దుకుని, "వాకిట్లో ఉన్నానే" అంటాడు.