మావయ్య ముక్కుకు తగిన గ్లాసు

మా మావయ్య వెంకట్రావుకి వాసన తెలియక రెండేళ్లయింది. జ్వరం వచ్చి తగ్గింది, దాంతోపాటు పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇంకెవరికైనా అది చిన్న లోటే. నూజివీడులో మామిడితోట పెట్టుకుని, కాయ తొడిమ దగ్గర ముక్కు పెట్టి ఇది ఇవాళ్టిది, ఇది ఎల్లుండిది అని చెప్పే మనిషికి మాత్రం సగం ప్రాణం పోయినట్టే. ఈ రెండు వేసవులూ ఆ పని మా అత్తయ్య వేలితో నొక్కి చూసి చేస్తోంది. ఆయన పండు తినడం కూడా మానేశాడు.

మే నెల మొదట్లో ఫోన్ చేశాడు. "అమ్మడూ, కాయ కొనే బెంగళూరు ఆయన రెడ్ వైన్ సీసా ఇచ్చెళ్లాడు. దాంట్లో మజా అంతా వాసనేనంటగా? ఈమధ్య ఎప్పుడన్నా కాఫీ వాసన లీలగా తగుల్తోంది. దీంతో ఏమన్నా తేలుతుందేమో చూద్దాం. దానికి తగ్గ గ్లాసులు పట్టుకురా" అన్నాడు. నేను హైదరాబాదులో ఒక హోటల్ రెస్టారెంటు చూసుకుంటాను. చుట్టాలంతా నన్ను ఇలాంటి పనులకే గుర్తుపెట్టుకుంటారు.

బయల్దేరే ముందు రోజు గ్లాసుల కొట్టుకు వెళ్లాను. కొట్టతను ముందు బంగారు అంచు ఉన్నవి చూపించాడు, తర్వాత ఎర్ర రంగువి, ఆ తర్వాత పొడుగ్గా గొట్టంలా ఉన్నవి. అన్నీ వద్దన్నాను. రెడ్ వైన్‌కి పొట్ట పెద్దదిగా ఉండాలి, లోపలి వైన్‌కి గాలి తగలాలి. మూతి మాత్రం ఆ పొట్ట కంటే కాస్త మూసుకుని ఉండాలి, లేచిన వాసన అక్కడ పోగవుతుంది. అంచు పల్చగా ఉండాలి. చేతి వేడి తగలకుండా కింద కాడ ఉండాలి. రంగు కనపడాలి కాబట్టి పూలూ గీతలూ లేని మామూలు గాజు చాలు. "ఇంత సాదావి ఎవరూ కొనరు మేడమ్" అని కొట్టతను నిరాశగా రెండు గ్లాసులు కాగితాల్లో చుట్టి ఇచ్చాడు.

రాత్రి రైలెక్కి తెల్లారేసరికి విజయవాడలో దిగాను. మీలో ఎవరైనా వెళ్తే ఒక మాట. నూజివీడు పేరుతో రైల్వే స్టేషన్ ఉంది గానీ అది నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గరుంది. పేరు చూసి మురిసిపోయి దిగితే మళ్లీ బస్సు పట్టుకోవాల్సిందే. నేను విజయవాడ బస్టాండ్‌లోనే ఇడ్లీ తిని, ఏడు దాటాక నూజివీడు బస్సెక్కాను. చట్నీ బాగుంది, కాఫీ గురించి మాట్లాడుకోకపోవడం మంచిది.

బస్సులో గ్లాసుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కనున్న పెద్దావిడ ఊరుకోలేదు.

"ఏంటమ్మా అంత భద్రంగా పట్టుకున్నావ్? దేవుడి బొమ్మా?"

"గ్లాసులండీ."

"మా ఇంట్లో స్టీలువి పాతిక పడున్నాయి. కిందేసి తొక్కినా ఏం కావు" అంది. అన్నదే గానీ గుంతలు వచ్చినప్పుడల్లా నాకంటే ముందు ఆవిడే పెట్టె మీద చెయ్యి వేసింది. అగిరిపల్లి దాటాక రెండు పక్కలా తోటలు మొదలయ్యాయి. కాయల బరువుకు కొమ్మలు కిందికి వంగి ఉన్నాయి. కిటికీలోంచి వచ్చే గాలికి కూడా మామిడి వాసనే. ఇలాంటి ఊళ్లో ఉంటూ ఇది తెలియకపోవడమేంటని మావయ్య మీద మొదటిసారి నిజంగా జాలేసింది.

నూజివీడులో దిగి ఆటోలో ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ, పెరుగు. సాయంత్రం ఎండ తగ్గాక వరండాలో కూర్చున్నాం. అత్తయ్య స్టూలు మీద గుడ్డ పరిచింది. "మన ఇంటికి సీసా రావడం ఇదే మొదలు, ఇదే ఆఖరు" అని ముందే చెప్పేసింది.

నేను చేతులు కడుక్కుని వచ్చేలోపల మావయ్య డీప్ ఫ్రీజ్‌లోంచి సీసా తీసి, రెండు గ్లాసులూ అంచుదాకా నింపేశాడు.

"మావయ్యా, మూడో వంతే పొయ్యాలి!"

"మూడో వంతా? ఇంటికొచ్చిన పిల్లకి అడుగున కాస్త పోసిచ్చేంత గతిలేకుండా ఉన్నామా?"

ఈ ప్రాంతంలో మజ్జిగైనా సరే పొంగి సాసర్‌లో పడేటట్టు పోస్తేనే మర్యాద. ఆ మర్యాదకు పెద్ద పొట్ట గ్లాసులు దొరికితే ఏమవుతుందో ఆరోజు చూశాను. ఆయన వంగి వాసన చూశాడు, ముక్కు కొసకు వైన్ అంటుకుంది. ఇంకోసారి చూశాడు. గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏం లేదమ్మడూ. చల్లగా ఉంది, అంతే." ఆ మాట మామూలుగానే అన్నాడు గానీ మొహం చూడలేకపోయాను.

అత్తయ్యని గిన్నె అడిగి వైన్ అందులోకి వంపాను. ఒక గ్లాసులో మూడో వంతు మాత్రం పోసి పక్కన పెట్టాను. "ఆగుదాం" అన్నాను.

"ఎందుకు?"

"కాయ కోసిన రోజే తింటావా? గడ్డిలో వేసి మాగబెట్టవూ?"

మాగబెట్టడం గురించి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మంచుచల్లదనం వదిలేదాకా తోట కబుర్లు చెప్పుకున్నాం. తర్వాత కాడ పట్టుకుని గ్లాసును మెల్లగా తిప్పమన్నాను. తిప్పాడు. ఖాళీగా ఉన్న మూతిలో ముక్కు పూర్తిగా దూర్చి కళ్లు మూసుకున్నాడు.

"నేరేడు పళ్లు" అన్నాడు. "దూరంగా ఉంది. కానీ ఉంది."

అత్తయ్య గబగబా లోపలికెళ్లింది. రెండో గ్లాసు కడిగి, అందులో చిన్నరసం మామిడిపండు పిండి తెచ్చింది, సరిగ్గా మూడో వంతు. ఆయన వాసన చూసి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి, నావి కూడా.

"రసం కళ్లతో చూసి వాసన వస్తోందనుకుంటున్నారేమో" అంది అత్తయ్య భయంగా. ఆ అనుమానం నాకూ ఉంది. ఆ గ్లాసులో రసమంతా ఆయనే తాగేశాడు. వైన్ చెరో గుక్కతో సరిపెట్టాం.

పొద్దున్నే తిరుగు ప్రయాణానికి అత్తయ్య నాకు చిన్నరసాలు సర్దుతోంది. పండినా పచ్చ పూర్తిగా పోని రకం, చూపుతో తేలదు. ఆవిడ నొక్కి చూసి ఒకటి అడుగున పెట్టబోతే మావయ్య అందుకుని తొడిమ దగ్గర ముక్కు పెట్టాడు.

"ఇది ఇవాళ్టిది. పైన పెట్టు."

"గట్టిగా ఉందండీ. రేపటిగ్గానీ కాదు."

"ఇవాళే."

నాకు ఇద్దరి మీదా నమ్మకమే. ఆ కాయ నేనే అందుకుని పైన పెట్టుకున్నాను. గ్లాసులు అక్కడే వదిలేసి బస్సెక్కాను. విజయవాడలో మధ్యాహ్నం రైలు దొరికింది. ఖమ్మం దాటాక ఇక ఆగలేక ఆ పండు తీశాను. నిజానికి భయమేసింది. పుల్లగా ఉంటే మావయ్యకు ఏం చెప్పాలి? అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, చెప్పినా అత్తయ్య పట్టేస్తుంది. మెత్తగా పిసికి, తొడిమ కొరికి జుర్రాను. రసం మోచేతి దాకా కారింది. ఎదురు సీటాయన "ఏ తోటదండీ?" అని అడిగేంత వాసన.

జిగురు చేతులతోనే ఫోన్ చేశాను.

"ఎలా ఉంది?" మావయ్య గొంతు చిన్నగా వచ్చింది.

"రేపటికి ఉంచితే పాడైపోయేది మావయ్యా."

ఫోన్ పట్టుకునే ఇల్లంతా వినపడేలా అరిచాడు. "ఇదిగో, విన్నావా! రేపట్నుంచి నొక్కడాలు మానెయ్, కాయలన్నీ ఇటు పట్రా!"