ఎల్లవ్వ పుంజు కేసు

నల్లకోటు తొడిగిన మొదటి ఏడాదే, నిండు కచేరీలో, నా కేసును నా నోటితోనే ముంచినవాణ్ణి నేను. ఎలా ముంచానో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నిజాం జమానా చివరి రోజులు. మిర్యాలగూడ నుంచి వచ్చి సూర్యాపేటలో వకాలత్ మొదలుపెట్టాను. దొరికిన మొదటి ముద్దాయి గరిడేపల్లి సైదమ్మ. వాళ్ల ఊరి ఎల్లవ్వ అనే ముసలామె పుంజును దొంగిలించిందని కేసు.

"నేను తియ్యలే సార్. జైల్ల ఏస్తే మా నాయినకు బువ్వెవరు వండుతరు?" అని కళ్లెత్తి చూసింది. అంతే, నేను ఖతం. ఆ కళ్లకు అబద్ధం చేతకాదని మనసులోనే తీర్పు రాసేశాను.

పోలీసులు ఎంత వెతికినా పుంజు దొరకలేదు. మా బలమంతా అదే.

విచారణ రోజు పొద్దున్నే తండ్రిని వెంటబెట్టుకుని, కూర గిన్నెతో నా కిరాయి గదికి వచ్చింది. "ఒక్కరే ఉంటరు, ఏం తింటరో ఏమో" అంది. నాకోసం వండిందన్న సంబరంలో కోడికాళ్లు కూడా వదల్లేదు.

"ఈ కాలికి చిటికెన వేలు లేదేం?"

"పుట్టుడే గట్ల పుట్టింది సార్, పాపం. ఇంకింత ఏసుకోండ్రి."

వేసుకున్నాను.

కచేరీలో, సైదమ్మ చూస్తోంది కదా అని గొంతు పెంచాను. "నీ పుంజుకు గుర్తేమిటమ్మా?"

"మా కోళ్లకు పిల్లలప్పుడే ఎడమకాలు చిటికెనేలు కోస్తం సార్. గదే గుర్తు" అంది ఎల్లవ్వ.

"అబద్ధం. దానికి పుట్టుకతోనే వేలు లేదు."

మున్సిఫ్ సాబ్ కలం కింద పెట్టారు. "మీరెక్కడ చూశారు వకీల్ సాబ్?"

కడుపులో పుంజు కూసినట్టయింది. నా చేతులారా ఆమెను జైలుకు పంపుతున్నానని ఏడుపొచ్చింది.

"సార్‌నేమనకుండ్రి. నేనే పట్టుకొచ్చిన. ఎరుకలేక తిన్నరు" అంది సైదమ్మ.

ఎల్లవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "కూర ఎట్లున్నది బిడ్డా?"

"బాగుందమ్మా."

"నా పుంజు గట్లనే ఉంటది." మున్సిఫ్ వైపు తిరిగింది. "రాజీకొస్త దొరా. ఈ వకీలు గీ పిల్లను లగ్గం చేసుకొని పేటకు తోల్కపోతే సాలు. మా ఊరి కోళ్లు బతుకుతయి."

నేను సైదమ్మ వంక చూశాను.

"గంత తిని ఇంక ఆలోచిస్తున్నరా?" అంది.

ఆ రాజీ పత్రం మీద అందరికన్నా ముందు సంతకం చేసింది నేనే. కనుక పాఠకుల సాక్షిగా నా ప్రమాణం ఇది: వేళ్లు లెక్కపెట్టనిదే కోడికూర ముట్టను. మొన్న ఆదివారమూ లెక్కపెట్టాను. ఒకటి తక్కువైంది. ఎల్లవ్వ మనవరాలు ప్రేమతో పంపిందట. సైదమ్మ కళ్లెత్తి చెప్పింది, నేను నమ్మాను.