ఇసుకలో ఇరుక్కున్న సారు

మడకశిర దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో తనిఖీకి ఒక సారు వచ్చినారు. "కార్బన్‌కూ, సిలికాన్‌కూ నాలుగు చేతులే కదమ్మా. ఆక్సిజన్‌తో కలిస్తే ఒకటి గ్యాసు, ఒకటి ఇసుక ఎందుకైతాది? పిల్లలకు చూపించు" అన్నారు.

అందరినీ గ్రౌండుకు తీసుకుపోయినా. ఇద్దరు వీపులానించి నిలబడితే నాలుగు చేతుల కార్బన్. చెరో పక్క ఒక ఆక్సిజన్ పిల్ల నిలబడి ఇద్దరివీ చెరో చెయ్యి పట్టుకుంది. నలుగురితో జట్టు పూర్తి. అట్లా కొన్ని జట్లు చేసినా. సిలికాన్ లావు కాబట్టి మిగిలినోళ్ళ వీపుల మధ్య పుస్తకాల సంచులు ఇరికించినా. ఇప్పుడు ఒకే ఆక్సిజన్‌కు రెండు చేతులూ అందవు. ఒక చెయ్యి ఈ సిలికాన్‌కు, ఇంకోటి పక్క సిలికాన్‌కు ఇచ్చేసరికి అంతా ఒకే వలైంది. ఒకరు తక్కువైతే సారే ఆక్సిజన్‌గా నిలబడినారు. నేను చెప్పేదాకా చేతులు విడవద్దన్నా.

అంతలో కొమ్ముల పొట్టేలొకటి గేటులోంచి మా మీదికి ఉరికొచ్చింది. కార్బన్ జట్లు చేతులు విడవకుండానే తలో దిక్కుకు పరుగెత్తినాయి. సారూ పరుగెత్తబోయినారు గానీ పిల్లలు వదల్లేదు.

"మీరు ఆక్సిజన్ సార్, యాడికీ పోగూడదు" అంది పక్కనున్న గంగమ్మ.

నేను విడవమనే లోపే పొట్టేలు నేరుగా వచ్చి గంగమ్మ నడుముకు తల రుద్దింది. అది వాళ్ళింటిదే.

చెమట తుడుచుకోను సారుకు చెయ్యి ఖాళీ లేదు. "ఇసుక ఎందుకు ఎగిరిపోదో తెలిసిందమ్మా. ఇంక విడవమని చెప్పు" అన్నారు.

ఇప్పటికీ ఆ పాఠం మొదలుపెట్టే ముందు గేటు మూసి వస్తాను.