ర్యాంకులు లేని బోర్డు

తొంభై అయిదు, జూన్. పొద్దున ఆరుంబావుకు తార్నాకలో బస్సు దిగాను. వీపున కిట్ బ్యాగు, నెత్తి మీద తుంపర. యూనివర్సిటీలో క్యాడెట్లకు డ్రిల్లు నేర్పడం నా ఆఖరి పోస్టింగ్. అంతకుముందు మంచుకొండల్లో చెక్‌పోస్టు గేటు డ్యూటీ. అక్కడి బంకర్లో వైర్‌లెస్ ఆపరేటర్ నాకు అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు మాటలు పేర్చే బోర్డు ఆట నేర్పాడు. పదో తరగతి ఇంగ్లీషులో తప్పినవాణ్ని. అందుకే ఆ ఆటను మొండిగా పట్టుకున్నాను.

మరుసటి జనవరిలో హాస్టల్ వాళ్లు ఆ ఆటకు పోటీ పెట్టారు. మా సుబేదార్ సాబ్ నా పేరు ఇచ్చారు. రాసుకున్న విద్యార్థి నవ్వాడు. "ఫౌజాయనకు ఇంగ్లీష్ ఆట ఎందుకన్నా?"

ఒళ్లు మండింది. గెలిచి తీరాలనుకున్నాను.

ఫైనల్లో నా ఎదుట మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న గుంటూరాయన. మూడింట్లో రెండు గెలవాలి. మొదటిది ఓడాను. ఆయన పెట్టిన ఒక మాట మీద అనుమానం వచ్చినా అడగలేదు. అడిగితే డిక్షనరీ చూస్తారు. మాట ఉంటే అడిగినవాడి వంతు పోతుంది. లేకపోతే పెట్టినవాడు బిళ్లలు వెనక్కి తీసుకోవాలి.

సుబేదార్ సాబ్ పక్కకు పిలిచారు.

"ఏందిరా, డౌటున్నా ఎందుకు అడగలే?"

"పెద్ద చదువులాయన సాబ్. తప్పు పెడ్తడా అనుకున్న."

"గా బోర్డు మీద ర్యాంకుల్లేవ్. గేటు కాడ కర్నల్ సాబ్‌నైనా పాస్ అడిగినవా లేదా? గట్లనే అడుగు."

నిజమే. గేటు దగ్గర తప్ప, పదిహేనేళ్ల సర్వీసులో పైవాళ్లను ప్రశ్నించడం మర్చిపోయాను.

రెండోది గెలిచాను. మూడో ఆట చివర్లో ఆయన ఆరు బిళ్లలు పేర్చాడు. నాకు తెలియని మాట. ఊరుకుంటే గెలిచే ఆశ ఇంకా కొంచెం ఉంది. అడిగి తప్పయితే ఆట అక్కడితో సరి. మాట తెలియదు కాబట్టి మనిషిని చూశాను. పొద్దుటి నుంచి బిళ్లలు పెట్టగానే పాయింట్లు వేసుకునేవాడు. ఈసారి పెన్సిల్ ముట్టలేదు. నా మొహమే చూస్తున్నాడు. గేటు దగ్గర దొంగ పాసు ఇచ్చినవాడూ అచ్చం ఇలాగే చూసేవాడు.

"ఈ మాట చూడండి మేడమ్," అన్నాను రిఫరీతో.

"ఆలోచించుకోండి. తప్పయితే మీ వంతు పోతుందండీ," అన్నాడాయన మెల్లగా.

"ఎరికే సార్. చూడనియ్యండి."

మేడమ్ రెండుసార్లు పేజీలు తిప్పారు. "లేదు," అన్నారు. తర్వాతి వంతులో గెలిచాను. ఆయన లేచి చెయ్యి కలిపాడు.

"ఎలా పట్టేశారండీ?"

"గేటు డ్యూటీ సార్."

సర్వీసు ముగించుకుని ఊరికొచ్చి చాలా ఏళ్లయింది. పతకాలున్నాయి, గోడకు వేలాడుతున్నాయి. ఎవరైనా అడిగితే మాత్రం గర్వంగా ఈ సంగతే చెబుతాను. ఆయన తన బిళ్లలు ఒక్కొక్కటే ఏరుకుంటుంటే బోర్డు మీద ఖాళీ అయిన ఆ ఆరు గళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.